కాయకమునకు పెట్టు పేరు

శ్రమించినవానికి ఫలము అందవలెననుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. ఆ ఫలమునకు ఏ పేరు పెట్టవలెననుటలోనే చిక్కు కలదు. నెల తిరిగిన పిమ్మట చేతికిచ్చు సొమ్ము జీతమా, లేక ఒప్పుకొన్న పనికి చెల్లించు గుత్త సొమ్మా? పుచ్చుకొనువాడు ఉద్యోగియా, స్వతంత్రుడైన కాంట్రాక్టరా? పన్ను లెక్కలో ఇది ఒక గడిలో వ్రాయు మాట మాత్రమే. కాని ఆ మాటను బట్టియే ఒక కుటుంబము రోగము వచ్చిననాడు, వయసు ఉడిగిననాడు ఎట్లు బ్రదుకునో నిర్ణయమగుచున్నది.

ఈ భేదము గన్నవరము చుట్టుపట్ల పల్లెలకు కొత్తది కాదు. కృష్ణా డెల్టా వ్యవసాయమున పాలేరు వేరు, నాట్ల ముఠా వేరు. పాలేరు ఏడాదికి కుదురుకొనును. పొద్దున ఏ పని చేయవలెనో ఆసామి చెప్పును. అరక ఆసామిది, ఎడ్లు ఆసామివి. నాట్లకు వచ్చు స్త్రీల ముఠా అట్లు కాదు. ఎకరమునకు ఇంతయని బేరమాడి పని ఒప్పుకొని, ఎందరు దిగవలెనో, ఎప్పటికి ముగించవలెనో తామే తేల్చుకొని, మరునాడు వేరొక రైతు చేనికి పోవుదురు. చదువురాని రైతు సైతము ఈ ఇద్దరిని ఒక్కటిగా ఎంచడు. పాలేరుకు జ్వరము వచ్చిన మందిప్పించుట ఆసామి ధర్మమని ఊరు ఎరుగును.

పల్లె ఎరిగిన ఈ భేదమునే పన్ను చట్టము తన భాషలో చెప్పినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున జీతము నుండి పన్ను మినహాయించుటకు 192వ సెక్షను, కాంట్రాక్టు సొమ్ము నుండి మినహాయించుటకు 194సి, వృత్తి నిపుణుల ఫీజు నుండి మినహాయించుటకు 194జె ఏర్పడినవి. 2025లో వచ్చిన కొత్త చట్టము సెక్షన్ల సంఖ్యలను మార్చినదే కాని భేదమును చెరపలేదు. జీతగాని విషయమున యజమాని ఏడాది ఆదాయమును అంచనా వేసి, దానికి తగిన పన్నును నెలనెల మినహాయించవలెను. కాంట్రాక్టరు ఒక వ్యక్తియైనచో, చెల్లింపు నిర్ణీత పరిమితి దాటినప్పుడు, నూటికి ఒక రూపాయి మినహాయించిన చాలును. అతడు తన పనిముట్లకు, ప్రయాణములకు అయిన ఖర్చును ఆదాయము నుండి తీసివేసికొనవచ్చును. జీతగానికి ఆ వెసులుబాటు లేదు.

ప్రలోభము ఇచ్చటనే పుట్టుచున్నది. ఉద్యోగియని వ్రాసినచో పన్ను మినహాయింపు ఒక్కటియే కాదు. ఇరువది మంది గల సంస్థ భవిష్యనిధికి సాధారణముగా వేతనముపై నూటికి పండ్రెండు చొప్పున తన వాటా కట్టవలెను. పనివాడు విరమించునపుడు గ్రాట్యుటీ ఈయవలెను. కాంట్రాక్టరని వ్రాసినచో ఈ భారమంతయు ఒక్క సంతకముతో తొలగిపోవును. కనుకనే ఉదయము తొమ్మిది గంటలకు వచ్చి, చెప్పిన చోట కూర్చుండి, చెప్పిన పని చేసి, సెలవునకు అనుమతి వేడువానికి సైతము కాంట్రాక్టరను పేరు తగిలించుట అలవాటైనది.

పేరు మార్చిన సంబంధము మారునా? ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక వివాదముననే సుప్రీంకోర్టు 1973లో సమాధానము చెప్పినది. అది సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌసు వ్యాజ్యము. అందు దర్జీలకు జీతము లేదు. కుట్టిన బట్టకు ఇంత అని కూలి. రాని దినమున సెలవు అడుగనక్కరలేదు. పని లేకున్న ముందే ఇంటికి పోవచ్చును. కొన్ని దినములలో యజమాని అనుమతితో బట్టను ఇంటికి తీసికొనిపోయి కుట్టువారును కలరు. పైకి చూడ వీరు స్వతంత్రులే. అయినను కుట్టు మిషన్లు దుకాణదారునివి, చోటు అతనిది. ఎట్లు కుట్టవలెనో చెప్పువాడు అతడు. నచ్చనిచో త్రోసివేసి మరల కుట్టుమనువాడును అతడే. పనిని త్రోసిపుచ్చి తిరిగి చేయించు హక్కు ఉన్నచోట అదుపు ఉన్నట్లేయని న్యాయస్థానము తేల్చి, ఆ దర్జీలు ఉద్యోగులేయని నిర్ణయించినది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ కారు డ్రైవర్ల విషయమున ఇట్టి దృష్టినే వహించి, ఒప్పందపు పత్రములోని మాటను కాక జరుగుచున్న పనిని చూచి, వారు కనీస వేతనమునకు, వేతనముతో కూడిన సెలవునకు అర్హులైన పనివారని చెప్పినది.

ఇంతమాత్రమున స్వతంత్ర వృత్తి అనునది బూటకమని తలంపరాదు. కల్యాణమున చేరిన శివశరణులలో పెక్కురు తమ వృత్తికి తామే యజమానులు. నేతగాడు, చాకలి, త్రాళ్ళు పేనువాడు తమ పనిముట్లతో తమ కాయకము సాగించి, దానినే పూజగా భావించినవారు. తన ధర తాను చెప్పుకొనువాడు, ఇష్టము లేని పనిని కాదనగలవాడు, పదిమందికి పని చేయువాడు నిజమైన స్వతంత్రుడు. అట్టి వడ్రంగిని జీతగాడనుట అతని గౌరవమును తగ్గించుటయే. దోషము స్వాతంత్ర్యమున లేదు. స్వాతంత్ర్యము ఈయకయే ఆ పేరు మాత్రము ఇచ్చుటలో కలదు. లాభము యజమానికి, నష్టము పనివానికి మిగులు చోట ఆ పేరు ముసుగు మాత్రమే.

పనివాడు ఒప్పుకొన్నాడు గదా, చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని అతడే కోరినాడు గదా యని కొందరందురు. ఈ మాటలో కొంత నిజము కలదు. అప్పుల నడుమ బ్రదుకువానికి నేటి రూపాయి రేపటి పింఛనుకంటె పెద్దది. కాని వేరొక దారి లేనివాని సమ్మతి, దారి ఉన్నవాని సమ్మతితో సమానము కాదు. అంతేకాక ఆ ఒప్పందమునకు మూల్యము చెల్లించువాడు అతడొక్కడే కాడు. రేపు అతడు మంచము పట్టిననాడు భార్య, బిడ్డలు చెల్లింతురు. వారు సంతకము చేయలేదు.

ఆయ్దక్కి మారయ్య కాయకము రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు లక్కమ్మ మందలించి, ఎక్కువైనదానిని తిరిగి ఇచ్చి రమ్మనెనని శరణుల కథ. ఎవరును ఫిర్యాదు చేయలేదు, ఎవరును అడుగలేదు; అయినను తనది కానిది ఇంట చేరుట ఆమెకు సమ్మతము కాలేదు. పేరు మార్చి మిగుల్చుకొన్న భవిష్యనిధి వాటా సైతము అట్టి గింజయే. ఆ మిగులుతో దాసోహము జరిపినను, అది ఒకని ముందు నుండి తీసిన విస్తరిని వేరొకనికి వడ్డించుటయే అగును.

కనుక దుకాణము నడుపు కుటుంబమైనను, పాఠశాల నడుపు మఠమైనను పట్టీలో పేరు వ్రాయుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. పని ఎట్లు చేయవలెనో ఎవరు చెప్పుచున్నారు? పనిముట్లు ఎవరివి? అతడు రేపు కాదన్న బ్రదుకగలడా? నష్టము వచ్చిన ఎవరు భరింతురు? మఠమునకు ప్రహరీగోడ కట్టిపోవు మేస్త్రీ కాంట్రాక్టరే. అదే మఠమున ఏళ్ళ తరబడి ప్రతి ఉదయము పొయ్యి వెలిగించు వంటవాడు, పత్రమున ఏమి వ్రాసినను, కాంట్రాక్టరు కాడు. అతని వాటా నేటి నుండియే కట్టుట ఆరంభింపవలెను.