ఊనోదరి: విస్తరి ముందు వివేకము

జైనధర్మంలో బాహ్యతపస్సులు ఆరు. అనశనము, అవమౌదర్యము, వృత్తిపరిసంఖ్యానము, రసపరిత్యాగము, వివిక్తశయ్యాసనము, కాయక్లేశము అని తత్త్వార్థసూత్రం తొమ్మిదవ అధ్యాయంలో వాటిని చెప్పినారు. అవమౌదర్యమునకే ఊనోదరి యని వాడుక పేరు. వీటిలో మొదటిదైన ఉపవాసానికి సమాజంలో ఉన్న గౌరవం రెండవదానికి లేదు. ఎనిమిది రోజుల ఉపవాసం చేసినవారికి ఊరేగింపు ఉన్నది. నాలుగు ముద్దలు తక్కువ తిని లేచినవారిని గమనించేవారు లేరు.

ఊనోదరి యనగా కడుపు నిండకముందే భోజనం ముగించుట. పురుషునికి 32 కబళములు, స్త్రీకి 28 కబళములు పూర్ణాహారమని ప్రాచీనుల లెక్క. అందులో ఒక్క కబళం తగ్గించినా అది తపస్సే. వినుటకు ఇది సులభము; ఆచరణలో ఉపవాసంకంటె కష్టమని చెప్పేవారు అనేకులు. ఉపవాసంనాడు విస్తరి ఎదుట ఉండదు. ఊనోదరిలో విస్తరి ఎదుటనే ఉండవలె, రుచి నాలుకమీద ఉండగానే చేయి ఆగవలె.

అట్లు ఆగలేకపోయినవానిని లోకం జిహ్వాచాపల్యము గలవాడని నిందిస్తుంది. ఆ నింద పూర్తిగా న్యాయమేనా? విస్తరిలోని పదార్థానికి, దానిని వడ్డించినవారికి అందులో భాగమేమీ లేదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుటకు ముందు, 'చాలు' అనే మాట శరీరంలో ఎట్లు పుడుతున్నదో తెలిసికొనవలె.

ఆహారంతో జీర్ణాశయం సాగినప్పుడు ఆ కబురు నాడులద్వారా మెదడుకు చేరుతుంది. ఆహారం చిన్నప్రేవులలోనికి దిగినప్పుడు అక్కడ పుట్టే కొన్ని రసాయనాలు తృప్తిని తెలుపుతవి. ఆకలిని లేపే గ్రెలిన్ అను పదార్థాన్ని జపాన్ శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్నారు. అది ముఖ్యంగా జీర్ణాశయంలోనే తయారవుతుంది. ఈ కబుర్లన్నీ చేరుటకు కొంత వ్యవధి కావలె. నమలనక్కరలేకుండా జారిపోయే మెత్తని పదార్థం ఆ వ్యవధిని ఇవ్వదు. 'చాలు' అనే మాట వచ్చేసరికే తినవలసినదానికంటె ఎక్కువ లోపలికి పోయి ఉంటుంది.

పదార్థాన్నిబట్టి తృప్తి ఎంత మారుతుందో సిడ్నీ విశ్వవిద్యాలయంవారు 1995లో లెక్కకట్టినారు. 38 రకాల పదార్థాలను ఒక్కొక్కటి 240 కేలరీల చొప్పున తినిపించి, రెండు గంటలపాటు ఆకలి ఎట్లున్నదో అడిగి వ్రాసికొన్నారు. తెల్లరొట్టెకు 100 అంకెలు వేస్తే, వెన్న పొరలతో చేసిన క్రాసాంట్ రొట్టెకు 47 మాత్రమే వచ్చినవి. అన్నిటికంటె ఎక్కువగా 323 వచ్చినది ఉడికించిన బంగాళాదుంపకు. నీరు, పీచు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నవి కడుపు నింపినవి. క్రొవ్వు ఎక్కువగా ఉన్నవి నింపలేదు.

తృప్తిలో మొదటి స్థానం పొందిన ఆ దుంప జైనులకు వర్జ్యము. ఇందులో చిక్కేమీ లేదు. కందమూలాలను విడిచినది వాటితో ఆకలి తీరదని కాదు, వాటిలో అనంత జీవులున్నవని. అహింస లెక్క వేరు, తృప్తి లెక్క వేరు. అయితే దీనికి మరొక ప్రక్క కూడా ఉన్నది. దుంప లేనంతమాత్రాన ఒక పలహారం మితాహారం కాజాలదు. ఉడికించిన శనగలు గుప్పెడు తింటే చేయి తనంతట తానే ఆగుతుంది. ఆ శనగలనే పిండిచేసి, నూనెలో వేయించి, కారప్పూసగా పొట్లం కడితే పొట్లం అయిపోయేవరకు ఆగదు. గింజ ఒక్కటే, రెండింటిలోను దుంప లేదు. మాంసకృత్తులు పేరునుబట్టి మాంసంలోనే ఉండేవి కావు. పెసలు, కందులు, ఉలవలు కూడా వాటికి నిలయాలే. కనుక శాకాహారికి తృప్తినిచ్చే ఆహారానికి లోటు లేదు.

ఇక మనోబలం సంగతి. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో 20 మందిని ఉంచి చేసిన పరిశోధన 2019లో వెలువడినది. వారికి రెండు వారాలు ఫ్యాక్టరీలలో తయారైన ఆహారం, రెండు వారాలు ముడి సరుకులతో వండిన సాదా ఆహారం పెట్టినారు. వడ్డించినదానిలో కేలరీలు, చక్కెర, క్రొవ్వు, పీచు రెండు పక్షాలలోను సమానంగానే ఉన్నవి. ఇష్టమైనంత తినమన్నారు. ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజులలో వారు దినానికి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, త్వరత్వరగా తిన్నారు, సుమారు 0.9 కిలో బరువు పెరిగినారు. సాదా ఆహారంతో అంతే తగ్గినారు. మనుషులు వారే, మనోబలమూ వారిదే. మారినది విస్తరి.

అట్లయితే నియమము వ్యర్థమా? కాదు. నియమము పట్టవలసిన చోటు ఎక్కడో ఇది చూపుతున్నది. సూత్రకారుడు ఊనోదరి ప్రక్కనే వృత్తిపరిసంఖ్యానమును, రసపరిత్యాగమును చేర్చినాడు. ఎన్ని పదార్థాలు, ఏ రసాలు అని ముందుగా హద్దు పెట్టుకొన్నవానికి విస్తరి ముందు యుద్ధం సగం తగ్గుతుంది. ఆయంబిల్ నాడు పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లం లేని సప్పిడి తిండి ఒక్క పూట తింటారు. దాని ఉద్దేశం కర్మనిర్జర, దేహం సన్నబడుట కాదు. అయినా ఆ నాడు అతిగా తిన్నవారు కనబడరు. రుచులు పెరిగినకొద్దీ తిండి పెరుగుతుందని 1981లో ప్రకటించిన ప్రయోగాలు కూడా చెప్పినవి. రొట్టెముక్కల మధ్య ఒకే రకం కూరు పెట్టినప్పటికంటె నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం సుమారు మూడవవంతు ఎక్కువ తిన్నారు.

ఇక్కడ గృహస్థునికి, వర్తకునికి ఒక బాధ్యత వస్తుంది. కర్మ చేసినవానిదే గాక చేయించినవానిది, ఆమోదించినవానిది కూడా అని కృత, కారిత, అనుమోదనములను ధర్మం ఒకే వరుసలో ఉంచినది. పారణనాడు ఇరవై రకాలు వండించి, వద్దన్నవారి విస్తరిలో కొసరి కొసరి మిఠాయి వేయుట ప్రేమయే కావచ్చు. కాని అది అతిథి ఊనోదరిని చెడగొట్టే ప్రేమ. పొట్లంమీద ఉల్లి, వెల్లుల్లి లేవని ముద్రించి అమ్ముట అసత్యం కాదు. కాని మితం లేకుండా తినునట్లు తయారైన సరుకును ధర్మం పేరుతో అమ్ముతున్నప్పుడు, కొనేవాడు కోరినాడు గనుక అమ్మినామనుట చాలని సమాధానం. శ్రావకుడు చేయరాని వ్యాపారాలను పదిహేను విధాలుగా ఎంచి చెప్పిన ధర్మమిది. అంగడి జమాఖర్చులో లాభం ఒక్కటే చూడమని అది ఎన్నడూ చెప్పలేదు.

పిల్లలకు, గర్భిణులకు, రోగులకు ఈ కోత వర్తించదు. వారికి కావలసినంత పెట్టుటయే ధర్మము. తక్కినవారి విషయంలో చేయవలసినది పెద్దది కాదు. సాధర్మిక భోజనంలో రకాలు ఐదుకు తగ్గించి, పప్పును ముందు వడ్డించి, చాలన్న మాటను మొదటిసారే మన్నించవలె. అంగడిలో వేయించిన పొట్లాల ముందు వరుసలో పుట్నాలకు, ఎండు బఠాణీలకు చోటివ్వవలె. తినేవాడు తన వంతు నియమం పాటిస్తాడు. పెట్టేవాడు దానికి అడ్డు రాకుండుట అతని వంతు తపస్సు.