శ్రీగిరి యాత్రయు భృత్యాచారమును

ఇష్టలింగమును వక్షఃస్థలమున ధరించి, అరచేతిలో నిలిపి పూజించువానికి తీర్థయాత్ర యెందుకను ప్రశ్న పండ్రెండవ శతాబ్దినుండియు వీరశైవమున వినబడుచునే యున్నది. శివుడు గుడిగోడలకు లోబడినవాడు కాడనియు, భక్తుని దేహమే ఆయనకు ఆలయమనియు బసవేశ్వరుడు బోధించెను. కావున ఇంట లేని దేవుని కొండపై వెదకుటకు లింగధారి బయలుదేరడు. అయినను శరణులు నడచిరి. అక్కమహాదేవి ఉడుతడిని విడిచి కల్యాణమునకును, కల్యాణమునుండి శ్రీశైలపు కదళీవనమునకును నడచినది. అల్లమప్రభువు అక్కడనే ఐక్యము చెందెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమను పేర ఒక భాగమునే రచించి, శివరాత్రికి శ్రీగిరి నెక్కు భక్తసమూహములను వర్ణించెను. దీనినిబట్టి పోవుట దోషము కాదని తేలుచున్నది. ఎట్లు పోవుచున్నారన్నదే విచారింపదగినది. ఇంటి పూజకు ఆచారము ఉన్నట్లే యాత్రకును ఆచారము కలదు.

పూర్వము శ్రీగిరికి పోవుట సులభము కాదు. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజైన ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించిన తరువాత గూడ యాత్రికుడు నల్లమలలో దినముల తరబడి నడువవలసియే యుండెను. భుజముపై మూట, మూటలో అటుకులు, చేతిలో చెంబు, తినుటకు ఆకు. అతడు విడిచిపోయిన ఆకు ఒక వానకు మట్టిలో కలిసెడిది. అడవి అతనిని భరించెను. అతడును అడవికి వెరచి నడచెను. నేడు ఘాట్ రోడ్డుపై కొన్ని గంటలలో వచ్చి, దర్శనము చేసికొని, ఆనకట్టను చూచి, ఫోటోలు తీసికొని, సాయంకాలమునకు మరలిపోవువారే ఎక్కువ. శివరాత్రికిని ఉగాదికిని లక్షలమంది చేరుదురు. వచ్చినవాడు ఒకటి రెండు దినములలో మరలిపోవును. అతడు విడిచిన ప్లాస్టిక్ సీసా మరలిపోదు.

మల్లికార్జునుడు వెలసిన చోటు జ్యోతిర్లింగ క్షేత్రము మాత్రమే కాదు. అది మహారణ్యపు నడిబొడ్డు. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. 1983లో అది పులుల సంరక్షణ పథకములో చేరెను. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరమున తెలంగాణకు చెందిన భాగము అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. హైదరాబాదునుండి వచ్చు త్రోవయైనను, దోర్నాలనుండి వచ్చు త్రోవయైనను ఈ అడవి నడుమనుండియే సాగుచున్నది. అందుచేత రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అటవీశాఖవారు వాహనములను ఆపుదురు. గేటువద్ద నిలిచిన బండ్లలో దర్శనము వేళ మించిపోవునని సణుగుకొనువారు కలరు. పగలంతయు త్రోవ మనుష్యునిది. రాత్రి యైనను పులికిని, కణితికిని, కుందేలునకును విడువరాదా? ఆకలి దప్పులు తీర్చుకొనుటకు, పిల్లలను వెంటబెట్టుకొని త్రోవ దాటుటకు వానికి ఉన్న వేళ అదియొక్కటియే. గేటు తెరచువరకు బండిలో కూర్చుండి పంచాక్షరి జపించువాని జాగరణము శివునకు చేరకపోదు.

యాత్రికుడు తెలియక చేయు కీడు ఎట్టిదో గూడ చెప్పవలసియున్నది. పులిహోర తిని పారవేసిన సంచికి ఉప్పు వాసన, నూనె వాసన అంటియుండును. జింకయు కోతియు ఆ వాసనకు వచ్చి సంచినే నమిలి మ్రింగును. అది జీర్ణము కాదు, బయటకును రాదు. కడుపు నిండినట్లే యుండి ఆ మూగజీవి మేత మాని కృశించును. కోతులకు అరటిపండ్లు విసరుట పుణ్యమని కొందరు తలచెదరు. పండ్లకు మరగిన కోతి అడవిలోని కాయలను వెదకుట మాని, త్రోవ ప్రక్కనే కాచుకొనియుండి చక్రముల క్రింద పడును. శివరాత్రినుండి వేసవి ముగియువరకు నల్లమలలో ఆకు రాలి, గడ్డి ఎండి, నేలయంతయు నిప్పునకు సిద్ధముగా నుండును. ఆర్పక పారవేసిన ఒక బీడీ ముక్క, నీళ్లు చల్లక విడిచిన మూడు రాళ్ల పొయ్యి చాలును. మంట ప్రాకినప్పుడు పెద్ద చెట్లు కొంత తట్టుకొనును గాని, మొలకలును నేలపైనుండు గూళ్లును మాడిపోవును.

అట్లు మాడినది ఎవరి సొత్తు? ఆ అడవిలో గడ్డలు త్రవ్వి, జిగురు ఏరి, తేనె తీసి బ్రతుకుచున్నవారు చెంచులు. వారు మల్లన్నను తమ అల్లునిగా ఎంచుదురు. ఉగాదికి కాలినడకను వచ్చు కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి సారె తెచ్చెదరు. ఈ రెండు బాంధవ్యములను కలిపి చూచినచో యాత్రికుని స్థానము తేటపడును. అతడు ఆడపడుచు కాపురమున్న ఇంటికి చుట్టపుచూపునకు వచ్చినవాడు. సారె ఇచ్చిన చేతితోనే వాకిట ఎంగిలాకులు విసరి, గడ్డివామికి నిప్పుపెట్టి పోయిన పుట్టింటివారిని ఏ ఊరైనను మెచ్చునా? తలవంపులు ఎవరికి? ఆ ఆడపడుచునకే గదా!

“భక్తితో వచ్చితిమి, సేవకై వచ్చితిమి, ఈ చిన్న దోషములను మల్లయ్య క్షమింపడా?” అని కొందరందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఏలననగా దీనిలో నిజమైన భక్తి యున్నది, నిజమైన చిక్కును ఉన్నది. ఉగాది యాత్రికులు వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారము చేరుదురు. ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కి వచ్చువారికి త్రోవపొడవునను భక్తమండలులు అన్నమును, మజ్జిగను, నీటిని అందించుచుండును. అది దాసోహము. దప్పిగొన్నవానికి నీరిచ్చుటకంటె మేలైన కార్యము లేదు. అయితే ఆ నీరు ప్లాస్టిక్ పొట్లములలోనిదైనప్పుడు దప్పి ఒక నిమిషములో తీరును. పొట్లము తొడుగు కొన్ని తరములవరకు అడవిలోనే పడియుండును. ఒక జీవి దప్పి తీర్చుటకై మరియొక జీవి కడుపున విషము పెట్టిన దాసోహము సగము దాసోహమే. శివుడు దోషమును క్షమింపవచ్చును. జింక కడుపులోని సంచి మాత్రము ఆ క్షమతో కరగదు.

అష్టావరణములలో పాదోదకమును ప్రసాదమును చెప్పబడినవి. పాదోదకపు ఒక్క బొట్టు నేలపాలు కాకుండ, ప్రసాదపు ఒక్క మెతుకు విడువకుండ స్వీకరించుట ప్రతి లింగాయతుని ఇంట పిల్లలకు నేర్పు మొదటి పాఠము. ఆ పాఠము ఇంటి గడపవద్దనే ఆగిపోవలెనా? కృష్ణా మలప్రభల సంగమమైన కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యస్థలము కలదు. అక్కడ పారిన కృష్ణయే ఆనకట్టలు దాటి, జూరాల దాటి, తుంగభద్రను కలుపుకొని, శ్రీశైలమున పాతాళగంగ యను పేర భక్తుల తలలపై పడుచున్నది. బసవన్న పాదములవద్దనుండి వచ్చిన నీటిలో సబ్బు కాగితములను, పాతబట్టలను విడుచుట పాదోదకమును ఎరిగినవాడు చేయు పనియేనా?

క్షేత్రము భరింపగలదానికంటె మించిన బరువు మోపినచో ఏమగునో కేదారము తెలిపినది. పంచపీఠములలో నొకటైన కేదారముతో వీరశైవులకు విడదీయరాని బంధము కలదు. అక్కడి రావళ్లు వీరశైవులే. 2013 జూన్‌లో కుంభవృష్టి కురిసి, ఎగువనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి, మందాకిని పొంగి వేలకొలది ప్రాణములను తీసికొనెను. వాన మనుష్యుడు తెచ్చినది కాదు. కాని యాత్రికుల వసతికై నది ఒడ్డుననే కట్టిన కట్టడములు నష్టమును పెంచెను. నదికి దాని చోటు విడువనిచో అది తానే తీసికొనును.

అట్లని యాత్ర మానుకొనుమని ఏ శరణుడును చెప్పడు. ఎంత అవసరమో అంతయే గ్రహింపుమని చెప్పును. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుచుండెడివాడు. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశయగునని, మిగులు బియ్యమును వచ్చినచోటికే మరల పంపెను. నేడు సుస్థిర పర్యాటకమని సభలలో చెప్పుచున్న దాని సారమును ఒక పేద ఇల్లాలు ఆనాడే చేతతో చేసి చూపినది.

పంచాచారములలోని భృత్యాచారము భక్తుడు సకలజీవులకును సేవకుడై మెలగవలెనని విధించుచున్నది. దీనిని యాత్రలో ఆచరించుట కష్టము కాదు. వేర్వేరు కార్లకు మారుగా పది కుటుంబములు కలిసి ఒక బస్సులో పోవచ్చును. పండుగ రద్దీలో కాక సాధారణ దినములలో దర్శనము చేసికొన్నచో వృద్ధులకును సుఖము, కొండకును సుఖము. ప్రతివాడును ఒక చెంబో స్టీలు గ్లాసో వెంట తెచ్చుకొనవచ్చును. అడవిలో పొయ్యి వెలిగింపక, పొగ త్రాగక, హారను మ్రోగింపక, జంతువులకు మేత విసరక సాగవచ్చును. తేనె కొనదలచినచో చెంచులు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థవద్ద కొన్నచో ఆ రూపాయిలో వారికిని పాలు దక్కును.

వ్యక్తికి భృత్యాచారమెట్లో సంఘమునకు గణాచారమట్లు. శివునకును శివసంబంధమైనవానికిని కీడు కలుగుచుండగా చూచి ఊరకుండరాదన్నది గణాచారము. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములను, గ్లాసులను, చెంచాలను 2022 జూలై 1 నుండి ప్రభుత్వము నిషేధించెను. చట్టము చెప్పకముందే మఠములు చెప్పవలసిన మాట యిది. ఇకనైనను దాసోహ పందిళ్లలో కుళాయి గల నీటి డ్రమ్ములు నిలుపవలెను. మోదుగాకు విస్తళ్లనే వాడవలెను. ప్రతి నడక బృందములోను చివర నడచువారికి గోనెసంచులిచ్చి, త్రోవలో దొరకిన చెత్తను కొండ దింపించు బాధ్యతను అప్పగింపవలెను. ఆ సంచి మోయుట నీచమైన పని కాదు, అది కాయకము. కావడి మోసినవానికి కలుగు పుణ్యము ఆ సంచి మోసినవానికిని కలుగును.

శరణులారా! మన పెద్దలు స్థావర జంగమములని ప్రపంచమును రెండుగా చెప్పిరి. చెట్టు స్థావరము, మనుష్యుడు జంగముడు. కదలగలిగినవాడు కదలలేనిదానికి కావలి కాయవలెను. ఈ యేడు నడచిన త్రోవలో వచ్చు ఉగాదికి నడచు భక్తునకు పచ్చని ఆకు కనబడి, ముందు పోయినవారి గుర్తు ఒక్కటియు కనబడనిచో ఆ యాత్ర మల్లయ్యకు ముట్టినట్లే.

శరణు శరణార్థి.