కోడలికి తెలియాల్సిన కాగితాలు

బిడ్డా,

పెళ్లయి ఏడాది తిరగకముందే చిన్నాయన చావు మాట ఎత్తుతున్నడేంది అనుకోకు. మీ అమ్మ వింటే ‘శుభమా అని పెళ్లయిన ఇంట్ల ఇవేం మాటలు’ అని కసురుకుంటది. అందుకే ఫోన్‌ల చెప్పకుండా రాస్తున్న. నేను లాఠీ పట్టినోణ్ణి కాదు, ఎస్పీ ఆఫీసుల పెన్షన్ ఫైళ్లు పట్టినోణ్ణి. పోలీసు పోయినంక ఆయన ఇల్లు ఎట్ల నడుస్తదో యూనిఫాం వేసినోళ్ల కంటే మా గుమాస్తాలకే ఎక్కువ తెలుసు.

ఏటా అక్టోబరు 21న పరేడ్ గ్రౌండుల అమరుల పేర్లు చదువుతరు. 1959ల లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో ప్రాణాలిచ్చిన పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్ల గుర్తుగా మొదలైన రోజది. కానీ నా టేబుల్ మీదికొచ్చిన ఫైళ్లల్ల తూటా తగిలి పోయినోళ్లు తక్కువ. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి గుండె పట్టుకున్నోళ్లు, బందోబస్తుకు బండి మీద పోతూ లారీ కిందపడ్డోళ్లు, తాగి లివరు చెడగొట్టుకున్నోళ్లు ఎక్కువ. వీళ్లల్ల చాలామంది పేర్లు అమరుల స్తూపం మీదికి ఎక్కవు. వాళ్ల ఇంటోళ్లకు శాలువాలు కప్పేటోళ్లుండరు. వాళ్లకు దిక్కు కాగితాలే.

నువ్వు సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము వాడివి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినోళ్లంతా అంతే. జీతంల, డీఏల నూటికి పది నీ దగ్గర కోసి, సర్కారు తన వాటా కలిపి ప్రాన్ అనే నీ పెన్షన్ ఖాతాల వేస్తది. సర్వీసుల ఉండగా సీపీఎస్ ఉద్యోగి పోతే ఫ్యామిలీ పెన్షన్ అన్న మాటే లేని రోజులు నేను చూసిన. నాలుగైదేళ్ల సర్వీసు పిల్లగాడు పోతే ఆ ఖాతాల ఏముంటది? మన తెలంగాణల 2021ల ఆ కుటుంబాలకు కూడా ఫ్యామిలీ పెన్షన్ ఇస్తమని ఉత్తర్వులొచ్చినయి. పాత 1980 పెన్షన్ రూల్స్ లెక్కనే: ఆఖరి మూలవేతనంల నూటికి ముప్పై, దాని మీద కరువు భత్యం. ఏడేళ్ల సర్వీసు నిండినోడైతే మొదటి ఏడేళ్లు నూటికి యాభై దాకా వస్తది. అయితే ఈ పెన్షనూ, ప్రాన్‌ల సొమ్మూ ఒకదానితో ఒకటి ముడిపడ్డ సంగతులు. ఏ ఫారం మీద సంతకం పెడితే ఏది వదులుకున్నట్టో అడిగి తెలుసుకోకుండ సంతకం పెట్టొద్దని కోడలికి ఇప్పుడే చెప్పి ఉంచు. ఏడుస్తున్న మనిషి ముందు ఏ కాగితం పెట్టినా సంతకం పెడ్తది.

ఇగ అసలు మాట. నువ్వు ట్రైనింగ్ సెంటర్ల ఉన్నప్పుడు ఒకటే రోజు కట్టలు కట్టలు ఫారాలు ఇచ్చి నింపమన్నరు కదా. గ్రూప్ ఇన్సూరెన్స్, గవర్నమెంట్ లైఫ్ ఇన్సూరెన్స్, ప్రాన్, భద్రత, జీతం ఖాతా, అన్నింట్ల నామినీ గడి ఉంటది. అప్పటికి పెళ్లి కాలేదు, అమ్మ పేరు రాసినవ్. అందరూ అదే రాస్తరు. పెళ్లయినంక మార్చినోణ్ణి నేను వేళ్ల మీద లెక్కపెట్టగల. దీనితోని ఏమైతదో చెప్త. ఎస్పీ ఆఫీసు వరండాల ఒకటే బెంచీకి ఆ చివర అత్త, ఈ చివర కోడలు. అత్త చేతిల నామినేషన్ కాపీ, కోడలి చేతిల పెళ్లి ఫోటో. మొన్నటిదాక ఒక గిన్నెల వండుకున్నోళ్లే. ఇద్దరిదీ తప్పు కాదు. ఆ పిల్లగాడు ఒక పూట తీరిక చేసుకొని ఫారం మార్చి ఉంటే ఆ బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూసుందురు.

అట్లని అమ్మ పేరు కొట్టేసి అన్నీ కోడలికే రాయమంటలేను. రూలు సంగతి విను. ఫ్యామిలీ పెన్షన్ నామినేషన్‌తోని రాదు, భార్య ఉంటే అది భార్యకే. కన్నతల్లికి అందుల పైసా లేదు. మీ అమ్మకు మీ నాయన పెన్షనన్నా లేదాయె. కాబట్టి సర్కారు కాగితాలు కోడలి పేరు మీద చేయించి, నువ్వు సొంతంగ కడుతున్న ఎల్ఐసీ పాలసీల అమ్మ పేరు ఉండనియ్యి. ఎవరికేం రాసినవో ఇద్దరినీ కూసోబెట్టి నీ నోటితోనే చెప్పు. దాచిపెట్టినకాడనే పేచీలు పుడుతయి.

సర్వీస్ రిజిస్టర్ తెప్పించి చూసుకో. కోడలి పేరు అందుల ఎక్కిందా, ఎక్కితే ఆధార్‌ల ఉన్నట్టే ఉందా? రిజిస్టర్ల ‘లక్ష్మి’, ఆధార్‌ల ‘మహాలక్ష్మి’, బ్యాంకుల ఇంటిపేరు పుట్టింటిది. ఈ ముగ్గురూ ఒక్కటేనని తహసీల్దారు దగ్గర రుజువు చేసుకునేసరికి ఒకామెకు నెలలు పట్టినయి. పెన్షన్ ఖాయం చేసే ఏజీ ఆఫీసు అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపితే మేం కూడ చేసేదేమీ ఉండదు. ఆ మధ్య కాలంల పాలోడు ఆగడు, స్కూలు ఫీజు ఆగదు.

డ్యూటీల ఉండి పోవుడు వేరు, డ్యూటీల లేకుండ పోవుడు వేరు. ఎక్స్‌గ్రేషియా కానీ, బీమా కానీ, మామూలు దానికన్నా ఎక్కువిచ్చే ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ కానీ, అన్నిటికీ ఆ తేడానే కీలకం. దాన్ని తేల్చేది స్టేషన్‌ల జనరల్ డైరీ. ‘ఫలానా కానిస్టేబుల్ ఇన్ని గంటలకు ఫలానా బందోబస్తుకు బయలుదేరినాడు’ అన్న ఒక్క పంక్తి. ఎస్సై ఫోన్ చేసి రమ్మన్నడని లుంగీ విప్పి ప్యాంటేసుకొని ఉరకకు. రైటర్‌కు చెప్పి ఎంట్రీ వేయించు, డ్యూటీకి పంపినట్టు స్టేషన్‌ల ఇచ్చే పాస్‌పోర్టు కాగితం తీసుకో. అది బెరుకుతనం కాదు.

కారుణ్య నియామకం మాట కూడా చెప్త. పోయినంక ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలె. చానామంది ఏడాది మాసికం దాక ఇల్లు కదలరు, గడువు అక్కడనే పోతది. కోడలు డిగ్రీ రెండో ఏడాదిల ఆపేసిందని విన్న. పూర్తి చేయించు. చదువు ఎక్కువుంటే జూనియర్ అసిస్టెంటు కుర్చీ, తక్కువుంటే అటెండరు స్టూలు. నువ్వు నిండు నూరేళ్లుంటవు, అప్పుడు కూడ ఆ డిగ్రీ ఇంట్ల పడి ఉండేది కాదు. ఏ గ్రూప్ ఫోరో రాస్తది.

ఒక రూలు మాత్రం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. 1980 రూల్స్‌ల భార్యకు పెన్షన్ ఆమె చనిపోయేదాకనో, మళ్లీ పెళ్లి చేసుకునేదాకనో అని ఉంది. ఇరవై నాలుగేండ్ల పిల్లను పెన్షన్ కావాల్నా, బతుకు కావాల్నా అని అడిగినట్టు. దాన్ని నేను మార్చలేను, నువ్వూ మార్చలేవు. తెలిసి ఉండమని చెప్తున్న.

సొసైటీల తీసుకున్న అప్పు, ఎవరికన్నా జామీను పెట్టిన సంతకం ఉంటే కోడలికి చెప్పు. దోస్తుకు పెట్టిన జామీను సంగతి పెళ్లాలకు ఎప్పుడు తెలుస్తదో తెల్సా? దశదినకర్మ అయినంక. జీతం పడే బ్యాంకుల పోలీసోళ్లకు ప్రమాద బీమా ఉంటది, అది కూడ అడిగి రాసిపెట్టు. కాగితాలన్నీ ఒక ఫైల్ల పెట్టి బీరువల ఏ అరల ఉందో చూపెట్టు. ఫోన్ల ఫోటోలు తీసి ఉంచిన అంటవేమో, ఆ ఫోన్ తాళం నీకొక్కనికే తెల్సు.

వచ్చే వీక్లీ ఆఫ్‌కు ఎస్పీ ఆఫీసుకు పో. మధ్యాహ్నం పోతే లంచ్ అంటరు, పొద్దున పదిన్నరకే పో. నా పేరు చెప్పకు, సీటు మారి చాన్నాళ్లయింది. నీ జనరల్ నంబరు చెప్పి సర్వీస్ రిజిస్టర్ చూపెట్టమను. కోడల్ని కూడ తోల్కపో.

నీ చిన్నాయన