కదలని బంతి, కదిలే మనసు

1921 జూన్‌లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో గోల్ఫ్ ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగింది. మూడో రౌండ్‌లో, అమెరికా నుంచి వచ్చిన 19 ఏళ్ల ఔత్సాహిక ఆటగాడు బాబీ జోన్స్ తొలి తొమ్మిది హోల్స్‌కే 46 స్ట్రోకులు తీసుకున్నాడు. అతని స్థాయికి అది చాలా ఎక్కువ. పదో హోల్‌లో మరో ఆరు పోయాయి. పదకొండో దగ్గర బంతి హిల్ అనే బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడి ఇంకొన్ని స్ట్రోకులు తినేసింది. ఆ హోల్ పూర్తికాకముందే జోన్స్ బంతిని చేత్తో తీసేసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. స్ట్రోకులు లెక్కించే పోటీలో బంతి ఎత్తేస్తే ఇక స్కోరు లేనట్టే.

ఓల్డ్ కోర్సు తొలిసారి వచ్చినవాణ్ని కంగారు పెడుతుంది. వందకు పైగా ఉన్న బంకర్లలో చాలావాటిని కొట్టే చోటి నుంచి చూడలేం. సముద్రపు గాలి ఒక్క రౌండ్‌లోనే దిశ మార్చుకోగలదు. పదకొండో హోల్ పొడవు తక్కువే, మూడు స్ట్రోకుల్లో ముగించాలి. కానీ గ్రీన్, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి నేల, ముందుకు బాగా వాలి ఉంటుంది. ఒక పక్క హిల్ బంకర్, ఇంకో పక్క స్ట్రాత్ బంకర్, వెనక ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటు. చక్కగా తగిలిన దెబ్బ కూడా నేల మీది మిట్టకు తగిలి ఇసుకలోకి దొర్లిపోవచ్చు. కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదన్న గీతోపదేశం ఇక్కడ నేల వాలులోనే అనుభవానికి వస్తుంది.

గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఎదురుచూస్తుంది. దాన్ని విసిరేవాడు లేడు, అడ్డుకునేవాడూ లేడు. దెబ్బ తప్పితే నెపం వేయడానికి మరొకరు దొరకరు. పైగా నాలుగు గంటలు సాగే రౌండ్‌లో బంతిని కొట్టే సమయం చాలా కొద్ది. మిగిలిందంతా నడకే. చెడిన దెబ్బను ఆటగాడు నెమరువేసుకునేది ఆ నడకలోనే. గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు చెప్పే వరుస సరిగ్గా అక్కడ మొదలవుతుంది. విషయాన్ని పదే పదే తలచుకుంటే సంగం (మమకారం) పుడుతుంది, సంగం కోరిక అవుతుంది, కోరికకు దెబ్బ తగిలితే కోపం వస్తుంది. కోపం వల్ల సమ్మోహం, దానివల్ల స్మృతి చెదరడం, చివరికి బుద్ధి నశించడం. స్మృతి చెదరడమంటే ఏమిటో బంకర్‌లో నిలబడినవాడికి బాగా తెలుస్తుంది. బంతిని కాక దాని వెనకున్న ఇసుకను కొట్టాలని నేర్చుకున్న మనిషే, కోపంలో కర్రను బిగించి పట్టుకుని బంతినే బాదుతాడు. బంతి ఎదుటి గోడకు తగిలి మళ్లీ అతని కాళ్ల దగ్గరికే వస్తుంది. సెయింట్ ఆండ్రూస్ బంకర్లలో ఒక్కోసారి బయటపడే దారి పక్కకో వెనక్కో మాత్రమే ఉంటుంది. లక్ష్యానికి వీపు తిప్పి కొట్టడానికి నేర్పు కన్నా వినయం ఎక్కువ కావాలి.

జోన్స్ తప్పుకున్న ఆ పోటీలోనే, అదే మూడో రౌండ్‌లో, రోజర్ వెథరెడ్ అనే ఇంగ్లిష్ ఔత్సాహికుడు చూసుకోకుండా వెనక్కి అడుగువేసి తన బంతినే తొక్కాడు. ఒక స్ట్రోకు పెనాల్టీ పడింది. నాలుగు రౌండ్లూ ముగిసేసరికి అతనూ జాక్ హచిసన్ సమానంగా నిలిచారు. ఆ ఒక్క స్ట్రోకూ లేకపోతే కప్పు వెథరెడ్‌దే. ప్లే-ఆఫ్‌లో హచిసన్ గెలిచాడు. అలాంటి నష్టం తగిలాక కూడా చివరి హోల్ దాకా ఆడి సమానంగా నిలవడం చిన్న విషయం కాదు. బంతి ఎత్తేసి వెళ్లిపోవడాన్ని వైరాగ్యం అనుకునే పొరపాటు సులువుగా జరుగుతుంది. అది ఫలంపై మమకారం ఓడిపోయి అలగడం. ఫలాన్ని వదిలినవాడు ఆటను వదలడు. చెడిన లెక్కను ఉన్నదున్నట్టు కార్డులో రాసుకుని తర్వాతి దెబ్బకు సిద్ధమవుతాడు.

మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని ఆరో అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటే, కష్టమేనని కృష్ణుడు ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలు చెబుతాడు. కష్టమని ముందు ఒప్పుకోవడంలో సాధకుడిపై ఎంతో దయ ఉంది. అమెరికా రచయిత స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 1995లో గీతను గోల్ఫ్ మైదానంలోకి తెచ్చి ‘ది లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్’ నవల రాశాడు. అందులో ఆటగాడి కర్రలు మోసే క్యాడీ భగవంతుడి స్థానంలో ఉంటాడు, కుంగిపోయిన ఆటగాడు అర్జునుడి స్థానంలో. బాబీ జోన్స్ కూడా ఒక పాత్ర.

నిజ జీవితంలో జోన్స్‌కు ఆ అభ్యాసం ఏళ్లు పట్టింది. కుర్రతనం నుంచీ కర్రలు విసిరే కోపం అతనిది. 1925 యూఎస్ ఓపెన్‌లో, కొట్టబోతుండగా బంతి కొద్దిగా కదిలింది. అది అతను తప్ప ఎవరూ చూడలేదు. అధికారులు నచ్చజెప్పినా వినకుండా తన లెక్కలో ఒక స్ట్రోకు కలుపుకున్నాడు. ఆ పోటీ సమానమై, ప్లే-ఆఫ్‌లో ఒక్క స్ట్రోకుతోనే చేజారింది. కోపాన్ని గెలిచినవాడికే ఇది సాధ్యం. గెలుపును గట్టిగా పట్టుకున్న చెయ్యి తన తప్పును తానే రాసుకోలేదు.

1927లో సెయింట్ ఆండ్రూస్‌లోనే 285 స్ట్రోకులతో ఓపెన్ గెలిచిన జోన్స్, కప్పును అమెరికాకు తీసుకువెళ్లకుండా అక్కడి క్లబ్‌లోనే ఉంచమని కోరాడు. 1930లో అదే కోర్సులో బ్రిటిష్ అమెచ్యూర్ ఫైనల్లో వెథరెడ్‌ను ఓడించాడు. ఆ ఏడాది నాటి నాలుగు ప్రధాన చాంపియన్‌షిప్‌లూ గెలిచాక, 28వ ఏట, ఔత్సాహికుడిగానే పోటీల నుంచి విరమించుకున్నాడు.