మీరుండేది ఎక్కడండీ?

కొత్తగా కలుసుకున్న ఇద్దరాడవాళ్ళ మధ్య, పేర్లు తెలియకముందే పుట్టే ప్రశ్న ఇది. బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ అడుగుతుంది. పెళ్ళిపందిట్లో పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ అడుగుతుంది. డాక్టరు గది బయట టోకెను పట్టుకుని గంటసేపు మౌనంగా కూర్చున్నావిడ కూడా, ఇంక ఉండబట్టలేక అడిగేస్తుంది. అడిగితే తప్పేముందంటారా? తప్పని నేనూ అనను. మాట కలపడానికి అదొక వంక. కానీ జవాబు చెప్పిన మరుక్షణం అవతలావిడ మొహం ఒక్కసారి గమనించండి. ఏ బంజారాహిల్సో అన్నారనుకోండి, కాళ్ళ దగ్గర పెట్టుకున్న సంచీ కొంచెం జరిపి మీకు చోటిస్తుంది. తనెప్పుడూ వినని బస్తీ పేరేదో చెప్పారనుకోండి, "ఓహో, అలాగా" అని కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెడుతుంది. మీరు మంచివారో కాదో ఆవిడకింకా తెలీదు. తీర్పు మాత్రం అయిపోయింది!

పేట పేరు చేసే పని ఎంతటిదో నవలలు రాసేదాన్ని గనక నాకు బాగా తెలుసు. నాయికని జూబిలీహిల్స్‌లో పెడితే చాలు, నేను కారు సంగతి రాయకపోయినా పాఠకులే ఒకటి తెచ్చి ఇంటిముందు నిలబెడతారు. చిక్కడపల్లిలో పెడితే రెండు గదుల వాటా, మెట్ల కింద సైకిలు, పంపు దగ్గర బిందెల వరస వాళ్ళే ఊహించుకుంటారు. నాకు రెండు పేజీల శ్రమ తప్పుతుంది. అన్నట్టు, ఆ బంజారాహిల్స్‌కి ఆ పేరు వచ్చింది ఒకప్పుడు ఆ గుట్టల మీద ఉండిన బంజారాల వల్లే. 1930ల్లో మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకుని 'బంజారా భవన్' అని పేరు పెట్టుకున్నాక గొప్పవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పేరు లంబాడీలది, బంగళాలు వాళ్ళవి కావు.

సరే, మా సంగతి చెప్తాను. మాది ముదిగుబ్బ. హైదరాబాదులో ఎవరైనా అడిగితే "అనంతపురం" అంటాను. 2022 ఏప్రిల్ 4 నుంచి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, జిల్లా కేంద్రం పుట్టపర్తి అయింది. అయినా నోటికి అనంతపురమే వస్తుంది, ఏం చెయ్యను! అదే అనంతపురంలో అడిగితే "ముదిగుబ్బ" అంటాను. ముదిగుబ్బలో అడిగితే? అక్కడ ఊరి పేరు పనికిరాదు. "యా వీధి?" అంటారు. వీధి చెబితే "ఎవురింటి పక్కన?" అంటారు. దూరం తగ్గేకొద్దీ ప్రశ్న సన్నబడుతుంది, శెనక్కాయల గింజల్ని జల్లెడ మార్చి జల్లెడ పట్టినట్టు. చిట్టచివరి జల్లెడలో ఏం మిగులుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కులం అడగడం మర్యాద కాదని నేర్చుకున్నాం గనక వీధి అడుగుతున్నాం. మా ముదిగుబ్బ దగ్గర మద్దిలేరు మీద కట్టిన జలాశయానికి యోగి వేమన పేరు పెట్టుకున్నాం. కులాన్ని అంతగా ఈసడించిన మనిషి పేరు నీళ్ళకి పెట్టి, ఆ గట్టు మీద నిలబడే "యా వీధి?" అని అడుగుతాం.

'కాలనీ' అన్న మాట చూడండి. హైదరాబాదులో "మా కాలనీలో వినాయకుణ్ణి పెట్టారు, మా కాలనీలో పార్కుంది" అంటే అది పరువైన మాట. ఉద్యోగస్తులు, పెన్షనర్లు, గేటు దగ్గర వాచ్‌మనూ కనిపిస్తారు. అదే మాట మా పల్లెల్లో అనండి. "వాళ్ళు కాలనీ వాళ్ళు" అంటే ఊరికి అవతల, సర్కారు కట్టిచ్చిన ఇళ్ళలో ఉండేవాళ్ళని అర్థం. ఏ ఇళ్ళో, ఎవరి ఇళ్ళో విడమర్చి చెప్పనక్కర్లేదు. అదే మాట, అవే మూడక్షరాలు. ఒకచోట కాలరెగరేసుకుని చెప్తారు, ఇంకోచోట గొంతు తగ్గించి చెప్తారు.

మా వాళ్ళకి మహానగరమంటే హైదరాబాదు కాదు, బెంగుళూరు. బస్సెక్కితే నాలుగైదు గంటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మాది. అదీ పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ పంట పోయిన ఏడాది ఇంటికొకరు బెంగుళూరు బస్సెక్కడం మా దగ్గర తరతరాల అలవాటు. బిల్డింగు పనికి కొందరు, గార్మెంట్స్‌కి కొందరు, ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఆఫీసులకి. అందరూ దిగేది మెజెస్టిక్‌లో. సర్కారు పేరు కెంపేగౌడ బస్ స్టేషనయినా, ఒకప్పుడక్కడున్న సినిమా హాలు పేరే జనం నోట నిలిచిపోయింది. ఆ బస్టాండు కట్టింది ధర్మాంబుధి అనే చెరువులో. చెరువెండి ఊరు విడిచిన మా వాళ్ళు, చెరువు పూడ్చిన చోట కాలు పెడతారన్నమాట!

ఆ నగరంలోనూ పేట పేరు చూస్తే మనిషి పని తెలిసేది ఒకప్పుడు. కెంపేగౌడ 1537లో కోట కట్టి వేయించిన పాత ఊళ్ళో బియ్యానికి అక్కిపేట, గాజులకి బళేపేట, కుమ్మర్లకి కుంబారపేట, గానుగవాళ్ళకి గాణిగరపేట. దాపరికం లేదు. తర్వాత 1898లో ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. దానితో గాలీ వెలుతురూ బాగా తగిలేలా మల్లేశ్వరం, బసవనగుడి పెరిగాయి. వెడల్పు రోడ్లు, ఇంటిముందు చెట్లు. నన్నడిగితే ఆ ఇళ్ళ ముందు వైపు కంటే వెనక వైపు చూడాలి. రెండు వరసల పెరళ్ళ మధ్య ఒక సన్నటి సందు వదిలారు, కన్సర్వెన్సీ లేన్ అని. మరుగుదొడ్లు ఎత్తేవాళ్ళు ముందు వీధిలో ఎవరి కంటా పడకుండా వచ్చి పోవడానికి! కాగితం మీద గీతలు గీసినప్పుడే, ఎవరు ఏ దారిన నడవాలో కూడా గీశారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య మా వీధి పిల్ల ఒకతె విషయంలో ఊళ్ళో పెద్ద తగవే నడిచింది. పిల్ల డిగ్రీ చదివింది. బెంగుళూరులో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. తల్లినీ తమ్ముణ్ణీ దగ్గర పెట్టుకుని ఈజీపురలో రెండు గదుల్లో ఉంటోంది. ఈజీపుర కోరమంగళని ఆనుకునే ఉంటుంది. కోరమంగళ అంటే ఖరీదైన చోటు. ఈజీపుర అంటే ఇరుకు సందులు, వీధి పంపులు. 2013 జనవరిలో అక్కడి పేదల క్వార్టర్సు కూలగొట్టి కుటుంబాలకు కుటుంబాలను బజారున పడేసినప్పుడు ఆ పేరు పేపర్లకెక్కింది. ధర్మవరం నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోన్లో "యాడుండేదమ్మా బెంగుళూర్లో?" అని అడిగితే పిల్ల "కోరమంగళ" అంది. వాళ్ళు వచ్చారు, సందు చూశారు, మెట్లెక్కారు, కాఫీ తాగారు. పోతూ పోతూ మెట్ల మీద "కోరమంగళ అన్నారు కదా!" అని గట్టిగానే అనుకుంటూ పోయారు. మర్నాటికి "మాట దాచినోళ్ళతో మాకు పొత్తు కుదరదు" అని కబురు.

మా చిన్నమ్మ తీర్పు ఒక్క ముక్కలో: "అబద్ధం అబద్ధమేలే. దానికి ఈది అడ్డమా, సందు అడ్డమా?" పిల్ల తల్లి మాత్రం ఏడుస్తూనే ఎదురు తిరిగింది. "మా ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కోరమంగళ అనే చెప్పినారక్కా. బోర్డులో కూడా అట్లే రాసినారు. వాళ్ళు చెప్తే యాపారం, నా కూతురు చెప్తే మోసమా?" ఆ మాటకి చిన్నమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పెళ్ళి సంబంధం కలుపుకునేవాళ్ళకి నిజం తెలుసుకునే హక్కుంది. జీతమెంత, అప్పులున్నాయా, ఒంట్లో బాగుంటుందా అని నేరుగా అడిగినప్పుడు తప్పు చెప్తే అది మోసమే. కానీ వాళ్ళు అవేవీ అడగలేదు. అడగడానికి మొహమాటం. పిల్ల సంపాదన, కుటుంబం తాహతు, రేపు పెట్టిపోతలు ఎలా ఉంటాయి, ఇవన్నీ ఒక్క పేట పేరులో చుట్టి అడిగేశారు. బెంగుళూరులో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు "వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడుగుతారు చూడండి, అదీ ఇలాంటిదే. వంట గురించి అడిగినట్టే ఉంటుంది, తెలుసుకోవాలనుకునేది వంట గురించి కాదు. ముసుగేసుకుని వచ్చిన ప్రశ్నకి ముసుగేసిన జవాబు దొరికింది. అందులో మొదటి ముసుగు ఎవరిది? నా మటుకు నాకు, తప్పులో పెద్ద పాలు అడిగినవాళ్ళదే అనిపిస్తుంది.

బెర్లిన్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురికి ఫోన్లో ఈ గొడవంతా చెప్పాను. నవ్వింది. "ఇక్కడా అంతే పెద్దమ్మా! మనుషులు ఊరి పేరు చెప్పరు, తమ పేట పేరు చెప్తారు. పేటని వీళ్ళు ముద్దుగా 'కీట్స్' అంటారు" అంది. 1920లో 8 పట్నాలు, 59 పల్లెలు, 27 ఎస్టేట్లు కలిపి కుట్టిన ఊరట అది. ముందు 20 జిల్లాలు చేశారు, 2001లో 12కి కుదించారు. ఆ కుదింపులో ఫ్రీడ్రిష్‌హైన్, క్రాయిట్స్‌బెర్గ్ అనే రెండు పేటల్ని ఒక్కటి చేశారు. మధ్యలో స్ప్రే నది. 1961 నుంచి 1989 దాకా అదే సరిహద్దు. ఒకటి తూర్పు బెర్లిన్, ఒకటి పశ్చిమ బెర్లిన్!

ఆ క్రాయిట్స్‌బెర్గ్ కథ నాకు మన కథలాగే తోచింది. గోడ పక్కన ఇల్లంటే ఎవరికీ అక్కర్లేదు. అందుకని అద్దెలు చవక. 1961 ఒప్పందం తర్వాత టర్కీ నుంచి పనికి వచ్చిన కుటుంబాలు చాలా అక్కడే చేరాయి. అప్పట్లో ఆ పేట పేరు చెబితే జర్మన్లలో గౌరవంగలవాళ్ళనుకునేవాళ్ళు మొహం చిట్లించేవారు. 1989 నవంబరు 9 రాత్రి గోడ తెరుచుకుంది. అంతే, ఊరి అంచున ఉన్న పేట ఊరి నడిబొడ్డుకి వచ్చి కూర్చుంది, ఒక్క ఇల్లూ కదలకుండా! పోనుపోను అద్దెలు ఆకాశానికెక్కాయి. ఇప్పుడక్కడ ఇల్లు దొరికితే అదృష్టమేనట. ఆ గోడలవే, ఆ మెట్లవే. మరి మొదట్లో అక్కడున్నవాళ్ళలో ఏ లోపం ఉందని చిన్నచూపు చూశారు? తర్వాత వచ్చినవాళ్ళలో ఏ గొప్ప ఉందని పొగుడుతున్నారు? రేపు ఈజీపురలోనూ ఏ మెట్రోనో వచ్చి అద్దెలు పెరిగితే, ధర్మవరం వాళ్ళు ఆ పేరు చెప్పుకుని మురిసిపోరని ఏముంది? అప్పటికి మా పిల్ల ఆ అద్దె కట్టలేక ఇంకో పేట వెతుక్కోవాల్సి వస్తుందేమో, అది వేరే సంగతి.

ఇలా పిల్ల పక్షాన వాదన సిద్ధం చేసుకుని, పోయిన నెల బెంగుళూరు వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. ఓదార్చాలని నా ఉద్దేశం. పిల్ల వినలేదు. "వాళ్ళు పోతే పోయినారు పెద్దమ్మా, దానికి నేనేం బాధపడ్లేదు" అంది. మరెందుకే ఇలా చిక్కిపోయావంటే, కాసేపు ఊరుకుని కింద వాటా తమిళావిడ సంగతి చెప్పింది.

ఆవిడ గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. వీళ్ళు కొత్తగా వచ్చినప్పుడు నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఏ కొట్లో అరువిస్తారో చెప్పింది ఆవిడే. ఈ పిల్లకి ఆఫీసులో ఆలస్యమైన రాత్రుళ్ళు సందు మొదట్లో నిలబడి ఎదురుచూసేదీ ఆవిడే. పెళ్ళివాళ్ళు వస్తున్నారని ముందురోజే ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసులు తనే పైకి తెచ్చి పెట్టింది. వాళ్ళు మెట్ల మీద అన్న మాటలు కింద తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడకి అన్నీ వినబడ్డాయి. పన్నెండేళ్ళుగా తనుంటున్న పేట పేరు చెప్పుకోడానికి ఈ పిల్లకి నామోషీ అయిందన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది.

"ఏమైనా అందా?" అనడిగాను.

"ఏమన్లేదు పెద్దమ్మా. సాయంత్రం కుర్చీలు తీసుకుపోయి ఇస్తే నవ్వింది గూడా."

"మరింకేం?"

"ఒకటి, రెండు అని ఆరూ లెక్కపెట్టుకుని లోపల పెట్టుకునింది. ఎప్పుడూ లెక్కపెట్టేది కాదు."