ఎర్ర రంగు చూసి జడుసుకోవద్దు అబ్బీ

అబ్బీ, కంచం ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నావని మీ అమ్మ దిగులు పడుతోంది. ఏది తినొచ్చో రంగులతో చూపే ఆ ఫాడ్‌మాప్ యాప్‌ను నేను తప్పుపట్టను. కడుపుబ్బరం, నొప్పి, పదేపదే దొడ్డికి పోవాల్సి రావడం పడేవాడికే తెలుస్తాయి. ఐబీఎస్ అనే పేగు ఇబ్బంది అని డాక్టరు తేల్చినాకనే నువ్వు ఈ దారి పట్టావు, అది మంచి పని. పెద్దనాయనగా నాలుగు మాటలు చెప్తా, విను.

ఈ లో ఫాడ్‌మాప్ పథ్యం ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లది. దాని యాప్‌ను 2012లో తెచ్చారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగ, పాలలో ఉండే కొన్ని రకాల చక్కెరలనే ఫాడ్‌మాప్‌లంటారు, అవి చిన్నపేగులో సరిగా ఇంకవు. పేగులోకి నీళ్లు లాగుతాయి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. ఇది అందరికీ జరిగేదే. నీ పేగు సున్నితం కాబట్టి నీకు బాధవుతుంది.

యాప్ చూపే రంగు పదార్థానికే కాదు, పరిమాణానికి కూడా. ఒకే వస్తువు కొంచెమైతే పచ్చ, ఎక్కువైతే ఎర్ర. అందుకే ఎంత తింటున్నావో కూడా చూసుకో.

మన కోయిలకుంట్లలో ఉండి ఏం తినాలని బెంగపడొద్దు. వరన్నం, జొన్నరొట్టె, గుడ్డు, చేప, పిడికెడు బుడ్డలు నీకు సరిపడేవే. ఉగ్గానిలో బొరుగులు మంచివే, ఉల్లిపాయలు, పుట్నాలపొడితోనే చిక్కు. కారంపొడిలో, ఊరగాయలో వెల్లుల్లి దాక్కుని ఉంటుంది, అడిగి తెలుసుకో. వెల్లుల్లి వాసన కావాలంటే రెబ్బలు నూనెలో వేయించి తీసేయమను. ఆ చక్కెర నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి పులుసులో వేసి తీసేస్తే లాభం లేదు. ఉల్లికాడల పచ్చని భాగం వాడుకోవచ్చు. మన నల్లరేగడిలో పండే శనగలను తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికించమను.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదీ: ఎర్రవి మానేయడం రెండు నుంచి ఆరు వారాల పనే. తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తినిచూడాలి. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, శనగ, ఒక్కోదాన్ని విడిగా మూడు రోజులు కొంచెంకొంచెంగా పెంచుతూ తిని, ఏం జరిగిందో యాప్ డైరీలో రాసుకో. ఏది ఎంతవరకు పడుతుందో తేలాక, పడేదాన్ని మళ్లీ కంచంలోకి తెచ్చుకో. చాలామంది మానడంతోనే ఆగిపోతారు. అట్లా చేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులకు మేత తగ్గుతుంది, నీ ఒంట్లో సత్తువా తగ్గుతుంది.

ఇంకో సంగతి. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు పరీక్ష ఇంకా చేయించుకోకుంటే, గోధుమ మానకముందే చేయించుకో. మానేసినాక చేస్తే ఫలితం సరిగా రాదు. మలంలో రక్తం పడినా, ఒళ్లు తగ్గిపోతున్నా ఫోన్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పో.

మీ అమ్మకు యాప్‌లోని జాబితా చదివి వినిపించు, ఇద్దరూ కలిసి వండుకోండి. వీలైతే డైటీషియన్‌ను కూడా కలువు. ఆరు వారాలు దాటకముందే తిరిగి తినిచూడటం మొదలుపెట్టు నాయనా, అంతవరకూ పోతేనే ఈ పథ్యం పూర్తయినట్టు.