ఎవరి ముఖం? ఎవరి బాధ్యత?

బాధలో ఉన్న మనిషిని ఫొటో తీయడం మేలా, కీడా? ఇది పత్రికలవాళ్లు తేల్చుకోవలసిన ప్రశ్న అని ఒకప్పుడు అనుకునేవాళ్లం. నేడు ప్రతి ఇంట్లోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది. రోడ్డు మీద లారీ కింద ఎవరైనా పడితే అంబులెన్సు రాకముందే పది ఫోన్లు పైకి లేస్తున్నాయి. కనుక ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి విచారణలోని ప్రతి కుటుంబానికీ చెందుతుంది.

జవాబు వెదకడానికి కాస్త దూరం వెళ్లి వద్దాం. ఆఫ్ఘనిస్తాన్‌లో 1996 నుంచి 2001 వరకు తాలిబన్లు పాలించారు. ప్రాణమున్న దేనినీ బొమ్మ గీయరాదు, ఫొటో తీయరాదు అని శాసించారు. వారి పాలన పోయిన తరువాత రెజా, మనూచెహర్ దెగతి అనే ఇద్దరు అన్నదమ్ములు కాబూలు వచ్చారు. ఇరాన్‌లో పుట్టి, స్వదేశానికి దూరమై, యుద్ధాలను, వలసలను కెమెరాతో చిత్రించి పేరు పొందినవారు. రెజా స్థాపించిన సంస్థ పేరు 'ఆయినా'. ఉర్దూ విని పెరిగిన మన నల్లగొండ పెద్దలకు ఆ మాట తెలిసిందే, అద్దం అని అర్థం. అక్కడ 2002లో మనూచెహర్ స్థానిక యువతకు పత్రికా ఫొటోగ్రఫీ నేర్పాడు.

అక్కడ నేర్చుకున్నవారిలో మసూద్ హొస్సేనీ ఒకడు. 2011 డిసెంబరు 6న కాబూలులో మొహర్రం ఊరేగింపు జరుగుతుండగా ఆత్మాహుతి బాంబు పేలింది. మసూద్ అక్కడే ఉన్నాడు. అతని చేతికీ గాయమైంది. చనిపోయినవారి మధ్య, ఆకుపచ్చ బట్టల్లో నిలబడి కేకలు పెడుతున్న బాలికను అతడు చిత్రించాడు. ఆ చిత్రానికి 2012లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

అదే నగరంలో షా మరాయ్ అనే మరో స్థానికుడు ఉండేవాడు. ఒక ఫ్రెంచి వార్తాసంస్థలో డ్రైవరుగా చేరి, పని చేస్తూనే కెమెరా నేర్చుకుని, ఆ సంస్థ కాబూలు శాఖకు ప్రధాన ఫొటోగ్రాఫరయ్యాడు. 2018 ఏప్రిల్ 30న బాంబు పేలిన చోటికి పరుగెత్తాడు. అక్కడ గుమికూడిన విలేకరుల మధ్య రెండో బాంబు పేలింది. ఆ రోజు అక్కడ ప్రాణాలు కోల్పోయిన తొమ్మిదిమంది పత్రికలవాళ్లలో షా మరాయ్ కూడా ఉన్నాడు. 2021లో తాలిబన్లు మళ్లీ వచ్చారు. కెమెరా పట్టిన ఎందరో దేశం విడిచిపోవలసి వచ్చింది.

పరదేశం నుంచి వచ్చిన గురువుకు తిరిగి వెళ్లే దారి ఉంటుంది. నేర్చుకున్నవాడి ఇల్లు, ఆలుబిడ్డలు, ఇరుగుపొరుగు అక్కడే ఉంటారు. మరి అంత ప్రమాదమున్న పనిని స్థానికుడి చేతిలో పెట్టి వెళ్లడం న్యాయమేనా?

లూకా సువిశేషం 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని కథను మనం ఎన్నోసార్లు విన్నాం. ఆ కథలో సత్రం యజమానిని గురించి తక్కువగా ఆలోచిస్తాం. సమరీయుడు బాటసారి. గాయపడినవానికి కట్టు కట్టాడు, సత్రానికి చేర్చాడు, మరునాడు తన దారిన తాను వెళ్లాడు. అయితే ఊరకే వెళ్లలేదు. సత్రం యజమానికి రెండు దీనారాలు ఇచ్చాడు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు చెల్లిస్తానని మాట ఇచ్చాడు. పోప్ ఫ్రాన్సిస్ గారు 2014లో ప్రపంచ సమాచార మాధ్యమాల దినోత్సవ సందేశానికి ఈ ఉపమానాన్నే ఆధారం చేసుకున్నారు. వార్త చెప్పడమంటే పొరుగువాడు కావడమేనని బోధించారు.

దూరం నుంచి వచ్చి నేర్పేవాడికీ ఇదే నియమం. అతడు తన పనిని స్థానికుడికి అప్పగించడంలో తప్పు లేదు. అప్పగించక తప్పదు కూడా. కానీ దానితోపాటు ఖర్చులకు డబ్బు, ఆపదలో ఆదుకుంటానన్న మాట కూడా ఇవ్వాలి. ఊరికి కెమెరా ఇచ్చి, ఊరివాడిని ఒంటరిగా వదిలేసేవాడు సమరీయుడు కాడు.

ఇది కాబూలుకే పరిమితమైన సంగతి కాదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. ఇతర పత్రికలూ ఆ బాట పట్టాయి. మేళ్లచెరువు వంటి మండల కేంద్రాలకు కూడా విలేకరులు, ఫొటోలు తీసేవారు అవసరమయ్యారు. చాలా ఊళ్లలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే స్టూడియో మనిషే పత్రికకూ ఫొటో ఇచ్చేవాడు. వెలుతురు ఎలా చూసుకోవాలో అతనికి తెలుసు. ప్రమాదంలో పోయినవాడి తల్లి ఎదుట ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు. అయినా అతనికి ఒక పెద్ద గురువు ఉంది, అదే ఊరు. ఈ రోజు ఫొటో తీసినవాడికి ఆ తల్లి రేపు సంతలో ఎదురవుతుంది, ఆదివారం పూజలో పక్క బెంచీలో కూర్చుంటుంది. బయటివాడికి లేని జంకు అతనికి ఉంటుంది. ఆ జంకు మంచిదే.

అయితే ఆ జంకు భయంగా మారకూడదు. ఊళ్లో పెద్దల మీద, పని ఇచ్చే ఫ్యాక్టరీ మీద, సొంత కులం మీద ఫొటో తీయవలసి వస్తే స్థానికుడి చెయ్యి వెనక్కి తగ్గవచ్చు. ఆ ఉపమానంలోనూ గాయపడినవాడిని చూసి తప్పుకుపోయినవారు యాజకుడు, లేవీయుడే, ఆగినవాడు అన్యుడు. బయటివాడి ధైర్యమూ, ఊరివాడి మర్యాదా రెండూ కావాలి. మంచి శిక్షణ అంటే ఒకరిది ఒకరికి నేర్పుకోవడమే.

మన నల్లగొండకు ఈ విషయం బాగా తెలియాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో బోరు నీటిలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచేసింది. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వచ్చాయి. వంకర తిరిగిన కాళ్లు, చేతులు పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ చిత్రాలు మంచినీటి కోసం సాగిన పోరాటానికి బలమిచ్చాయి, కాదనలేం. కానీ ఎన్ని చిత్రాల కింద ఆ మనిషి పేరు ఉంది? ఎందరికి ఆ పత్రిక తిరిగి అందింది? కాళ్లు చూపి పేరు చెప్పకపోతే మనిషిని రోగంగా మార్చినట్లే. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని నమ్మే మనం దీనిని చిన్న లోపమనుకోలేం.

తపస్సు కాలంలో సిలువ మార్గం చేసేటప్పుడు ఆరవ స్థలం దగ్గర మనం మోకరిస్తాం. వెరోనికమ్మ ప్రభువు ముఖం తుడిచింది. ఆ గుడ్డ మీద ఆయన ముఖం అచ్చు పడిందని శ్రీసభ సంప్రదాయం చెబుతుంది. ఆమె బొమ్మ కోసం గుడ్డ పట్టలేదు. చెమట, రక్తం తుడవడానికి సైనికులను తోసుకుని వెళ్లింది. ముఖచిత్రం ఆమెకు వరంగా దక్కింది. కెమెరా పట్టే ప్రతివారికీ ఆమె ఆదర్శం.

ఇంట్లో పిల్లల చేతికి ఫోను ఇచ్చే తల్లిదండ్రులు ఈ మూడు మాటలు చెప్పి ఇవ్వాలి. పడిపోయినవాడికి ముందు చెయ్యి ఇవ్వు, తరువాతే ఫోను తియ్యి. ముఖం అతనిది కనుక, అతన్నో అతని వాళ్లనో అడుగు. తీసిన చిత్రం అతనికి మేలు చేస్తుందా అని పంపే ముందు ఆలోచించు. అన్యాయాన్ని బయటపెట్టే చిత్రమైతే జంకక తియ్యి, దాని పర్యవసానంలో అతని పక్కన నిలబడు.

బాధలో ఉన్న ప్రతి ముఖంలోనూ తనను చూడమని ప్రభువు మనల్ని కోరాడు. ఆ చూపు మనకు, మన పిల్లలకు ఆయనే దయచేయును గాక.